తిరుగుబాట్ల తర్వాత – 7: హైతీలో మళ్లీ మోగిన తోట గంట

కిందటి భాగంలో 1791 ఆగస్టు 22 రాత్రి దాకా వచ్చాం. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్సు వలస రాజ్యమైన సెన్ డొమింగ్‌లో, ఉత్తర మైదానమంతా చెరకు తోటలు తగలబడుతున్నాయి. బానిసలు లేచారు. పన్నెండేళ్లకు పైగా పోరాడారు. తోటల యజమానులనే కాదు, స్పెయిన్ సైన్యాన్నీ, బ్రిటన్ సైన్యాన్నీ, చివరికి నెపోలియన్ పంపిన సైన్యాన్నీ ఎదిరించి నిలిచారు. 1804 జనవరి 1న గొనయీవ్ పట్నంలో స్వతంత్ర దేశాన్ని ప్రకటించి, ఆ దీవి ఆదివాసులు పెట్టుకున్న పాత పేరు తీసుకుని దానికి హైతీ అని పేరు పెట్టారు. బానిసలే తిరగబడి, గెలిచి, రాజ్యం స్థాపించుకున్న ఉదంతం లోక చరిత్రలో ఇదొక్కటే.

ఆ యుద్ధాల కథ చాలామంది రాశారు. ఈ భాగంలో చెప్పబోయేది దాని పక్కనే నడిచిన ఇంకో కథ. గెలిచిన సేనానులు తమ వెంట ప్రాణాలొడ్డి నడిచిన జనాన్ని మళ్లీ అవే తోటల్లోకి ఎందుకు తోలారు, ఎలా తోలారు అన్నది. ఇది చెప్పేముందు ఒక మాట స్పష్టంగా అనాలి. నల్లవాళ్లకు పరిపాలన చేతకాదని వాదించడానికి అమెరికాలోని బానిస యజమానులు హైతీ కష్టాలను దశాబ్దాల తరబడి వాడుకున్నారు. ఆ వాదన అబద్ధం, నీచం. హైతీలో బానిసత్వం తిరిగి రాలేదు. సంతలో మనిషిని అమ్మడం, తల్లినీ బిడ్డనూ వేర్వేరు యజమానులకు పంచేయడం అక్కడ మళ్లీ జరగలేదు. తిరిగి వచ్చింది వెట్టి. దాన్ని తెచ్చింది కూడా దుర్మార్గులు కాదు, ఆ కాలంలోకెల్లా ధైర్యవంతులైన మనుషులు. అందుకే దీన్ని జాగ్రత్తగా చూడాలి.

ముందు తోట అంటే ఏమిటో చూడాలి. 1789 నాటికి సెన్ డొమింగ్‌లో సుమారు 5 లక్షల మంది బానిసలుండేవారు. తెల్లవాళ్లు 30 వేల పైచిలుకు, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లూ మిశ్రమ సంతతివాళ్లూ కలిసి దాదాపు అంతే. యూరప్ తాగే కాఫీలో సగానికి పైగా, తినే చక్కెరలో రమారమి 40 శాతం ఈ చిన్న నేల నుంచే పోయేది. చెరకు కొట్టిన కొద్ది గంటల్లోనే గానుగ ఆడించకపోతే రసం పాడవుతుంది. కాబట్టి కోతల కాలంలో గానుగ రాత్రీ పగలూ తిరిగేది. గడలను చేత్తో రోలర్ల మధ్యకు నెట్టాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లది. నిద్రమత్తులో వేళ్లు రోలర్లలో పడితే చెయ్యి మొత్తం లోపలికి పోయేది. అందుకని గానుగ పక్కనే ఒక గొడ్డలి సిద్ధంగా పెట్టేవాళ్లు. గానుగ ఆపడంకన్నా చెయ్యి నరకడం త్వరగా అయ్యే పని. మనుషులు ఎంత వేగంగా చచ్చిపోయేవారంటే, 1780ల చివర్లో ఏటా 30 వేల మందికి పైగా కొత్తవాళ్లను ఆఫ్రికా నుంచి ఓడల్లో దింపాల్సి వచ్చేది. అందుకే తిరుగుబాటు నాటికి బానిసల్లో ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టినవాళ్లే.

ఆ నరకంలోనూ బానిసలకు తమదని చెప్పుకోడానికి ఒకటుండేది. తోట చివర, కొండవాలులో, చెరకుకు పనికిరాని చిన్న చెక్క. యజమానులు తిండి ఖర్చు తప్పించుకోవడానికి ఇచ్చిన ఆ నేలలో వాళ్లు కర్రపెండలం, కంద, అరటి, చిక్కుళ్లు వేసుకునేవారు. మిగిలింది ఆదివారం సంతలో అమ్మి నాలుగు డబ్బులు చూసేవారు. స్వేచ్ఛ అనగానే 5 లక్షల మంది కళ్ల ముందు మెదిలింది ఆ చెక్క. దాన్ని పెద్దది చేసుకోవాలి, వారంలో ఒక్క రోజు కాదు, అన్ని రోజులూ అందులోనే పని చేసుకోవాలి. వాళ్ల నాయకుల కళ్ల ముందున్నది వేరు. ఎగుమతి, ఖజానా, తుపాకులు, అన్నిటికీ ఆధారంగా తోట. తర్వాత యాభై ఏళ్ల హైతీ చరిత్రంతా ఈ రెండు కోరికల మధ్య పెనుగులాటే అని నా నమ్మకం.

ఆ తేడా తిరుగుబాటు మొదలైన ఏడాదే బయటపడింది. 1791 చివర్లో తిరుగుబాటు నాయకులు జాన్ ఫ్రాన్స్వా, బియాసూ ఫ్రెంచి అధికారులతో బేరసారాలకు దిగారు. తమ నాయకుల్లో నాలుగు వందల మందికి స్వేచ్ఛ ఇస్తే మిగతా జనాన్ని తోటలకు తిరిగి పంపిస్తామన్నారు. ఆ సంఖ్య అరవైకి కూడా దిగింది. తోటల్లో పనిచేసే జనం అడిగినవి వేరు, వారానికి మూడు రోజులు సొంత పనికి, కొరడా నిషేధం. యజమానుల సభ అహంకారంతో బేరాన్నే తోసిపుచ్చింది కాబట్టి యుద్ధం సాగింది. లేకపోతే లక్షల మంది తిరుగుబాటు అరవై మంది విడుదలతో ముగిసేది. ఆ బేరసారాల్లో బియాసూ పక్కనున్న సలహాదారుల్లో ఒకడు టూసాన్ లూవెర్త్యూర్.

1793 ఆగస్టు 29న ఫ్రాన్సు కమిషనర్ సోంతొనాక్స్ ఉత్తర ప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేశాడు. 1794 ఫిబ్రవరి 4న పారిస్ సభ దాన్ని వలస రాజ్యాలన్నిటికీ వర్తింపజేసింది. అయితే సోంతొనాక్స్ ప్రకటనలోనే ఇంకో షరతుంది, విడుదలైనవాళ్లు ఉన్న తోటలోనే ఉండి పని చేయాలి, పంటలో పాలు తీసుకోవాలి. పశ్చిమ, దక్షిణ ప్రాంతాలు చూసిన రెండో కమిషనర్ పోల్వెరెల్ ఇంకా వివరంగా నిబంధనలు రాశాడు. జనం శనివారం కూడా తమకు కావాలన్నారు. తీసుకోండి, అయితే పాలు తగ్గుతుందన్నాడు. ఆడవాళ్లు తమకూ మగవాళ్లతో సమానమైన పాలు కావాలని పట్టుబట్టారు. ఒకే వరసలో నిలబడి ఒకే చెరకు కొట్టినప్పుడు పాలు ఎందుకు తగ్గాలన్నది వాళ్ల ప్రశ్న. పోల్వెరెల్ ఒప్పుకోలేదు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట కూడా ఆయనే చెప్పాడు, ఈ భూమి మీది కాదు, కొనుక్కున్నవాళ్లదీ వాళ్ల వారసులదీ అని. నాలుగు తరాలు చచ్చేదాకా దున్నినవాళ్లకు చెప్పిన మాట అది. ఫ్రాన్సులో అప్పటికే చర్చి భూములు, ప్రభువుల భూములు జప్తు చేసి అమ్ముతున్న విప్లవ ప్రభుత్వపు ప్రతినిధి చెప్పిన మాట.

ఇక టూసాన్. లె కాప్ పట్నం దగ్గర బ్రెడా తోటలో బానిసగా పుట్టి, బండి తోలి, తిరుగుబాటుకు చాలా ఏళ్ల ముందే విడుదల పొందాడు. 1779లో డజను మందికి పైగా బానిసలతో సహా ఒక చిన్న కాఫీ తోటను కౌలుకు నడిపాడని పత్రాలు దొరికాయి. అంటే తోటను కింద నుంచీ చూశాడు, పైనుంచీ చూశాడు. 1798లో బ్రిటిష్ సైన్యం వెళ్లిపోయాక, అంతర్యుద్ధం ముగిశాక, 1800 నాటికి దేశమంతా ఆయన చేతికొచ్చింది. పాలన ఎలా ఉండాలో అప్పుడు తేల్చుకోవాల్సి వచ్చింది.

ఆయన భయాన్ని తక్కువగా చూడకూడదు. పారిస్‌లో నెపోలియన్ గద్దె ఎక్కాడు. బానిసత్వం మళ్లీ వస్తుందేమోనన్న అనుమానం ఊహ కాదని 1802లో తేలిపోయింది. ఎదిరించాలంటే సైన్యం కావాలి. తుపాకులు, మందుగుండు అమెరికా వర్తకులు అమ్ముతారు, చక్కెర, కాఫీ ఇస్తే. ఇంతవరకూ ఆయన లెక్క సరైనదే. చక్కెర కావాలంటే పెద్ద తోట, పెద్ద తోటకు జట్లు, జట్లకు బలవంతం తప్పవని ఆయన నిర్ణయించుకున్న చోటే కథ తిరిగిపోయింది.

1800 అక్టోబర్ 12న ఉత్తర్వు వచ్చింది. సైనికుడు అధికారి మాట విన్నట్టు రైతుకూలీ మేస్త్రీ మాట వినాలి. సైనికుడు దండు విడిచిపోతే ఏ శిక్షో, కూలీ అనుమతి లేకుండా తోట విడిచిపోతే అదే శిక్ష. పట్నాల్లో దాక్కున్నవాళ్లు వెంటనే తమ పాత తోటకు చేరాలి. దీన్ని అమలు చేసేది సైన్యం. పారిపోయిన యజమానుల తోటలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని సేనాధిపతులకు కౌలుకిచ్చింది. కాబట్టి కూలీని తోలుకొచ్చే అధికారే చాలాచోట్ల ఆ తోట లాభం తినేవాడు కూడా. సేనాధిపతి డెసలీన్ చేతికింద 30కి పైగా తోటలుండేవని చెబుతారు. కొరడా నిషేధం అలాగే ఉంది, దాని బదులు తీగలూ దుడ్డుకర్రలూ వచ్చాయి. ఒకప్పుడు పారిపోయిన తెల్ల యజమానులను కూడా టూసాన్ తిరిగి పిలిచి వాళ్ల తోటలు వాళ్లకు అప్పగించాడు. కూలీకి పంటలో నాలుగో పాలు. అది సక్రమంగా చేతికందిన చోట్లు తక్కువ.

1801 ఫిబ్రవరి 7న ఇంకో ఉత్తర్వు. ఇద్దరు ముగ్గురు కూలీలు కలిసి డబ్బులేసుకుని రెండు మూడు చెక్కలు కొనుక్కుని తోట పని మానేస్తున్నారని అధికారులు గమనించారు. ఆ ఆదివారం సంతల డబ్బే కాబోలు. దాంతో 50 కారోలకు, అంటే దాదాపు 160 ఎకరాలకు, తక్కువైన భూమి అమ్మకాన్ని నమోదు చేయకూడదని టూసాన్ ఆజ్ఞాపించాడు. ఒక్క కలం పోటుతో పేదవాడికి భూమి కొనే దారి మూసేశాడు. నా దృష్టిలో హైతీ విప్లవం దారి తప్పింది ఏ పట్టాభిషేకంలోనూ కాదు, ఈ రిజిస్ట్రేషన్ ఉత్తర్వులో.

అదే ఏడాది జులైలో రాజ్యాంగం ప్రకటించాడు. మూడో అధికరణం, ఈ నేలమీద బానిసలుండరు, దాస్యం శాశ్వతంగా రద్దయింది అంటుంది. గుండె ఉప్పొంగే వాక్యం. మరికొన్ని అధికరణాలు దాటితే, ప్రతి తోటా ఒక కుటుంబం, దాని యజమానే తండ్రి అని రాసి ఉంటుంది. పదిహేడోది సాగు నిలబడాలంటే కొత్త కూలీలను బయటినుంచి తేవాలంటుంది. ఆ రోజుల్లో బయటినుంచి కూలీలు రావడమంటే ఆఫ్రికా తీరంలో మనుషులను కొని ఓడెక్కించడమే. టూసాన్ జీవితాంతం గవర్నర్, తన వారసుణ్ని తానే ఎంచుకుంటాడు.

దీన్ని లోపలినుంచి కాదన్నవాడు మొయీజ్. టూసాన్ పెంచుకున్న మేనల్లుడనేవారు. యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్న సేనాని, ఉత్తర ప్రాంత పాలకుడు. తన చేతికిందున్న తోటల్లో కూలీలను కొట్టించడానికి ఒప్పుకునేవాడు కాదు. నా రంగు వాళ్లకు నేను తలారిని కాలేనని అన్నాడని చరిత్రకారులు రాశారు. పోరాడిన సైనికులకు, కింది అధికారులకు భూమి పంచాలన్నది ఆయన అభిప్రాయం. 1801 అక్టోబర్‌లో ఉత్తర మైదానపు కూలీలు మళ్లీ లేచారు. పదేళ్ల కింద అగ్గి పుట్టిన తోటలే అవి. సుమారు 250 మంది తెల్లవాళ్లు చనిపోయారు. మొయీజ్ మాతోనే ఉన్నాడని జనం కేకలు వేశారు. ఆయన స్వయంగా నడిపించాడా, ఆయన పేరు మాత్రమే నడిపించిందా అన్నది ఇప్పటికీ వాదమే. సేనాధిపతులు డెసలీన్, క్రిస్టోఫ్ తిరుగుబాటును అణిచారు. నవంబర్‌లో మొయీజ్‌ను సైనిక విచారణ జరిపి పోర్ట్ ద పేలో కాల్చి చంపారు. తుపాకులకు ఎదురుగా నిలబడి కాల్చండని ఆజ్ఞ తానే ఇచ్చాడంటారు. వెనువెంటనే టూసాన్ కొత్త నిబంధనలు తెచ్చాడు, గుర్తింపు కార్డు లేనివాళ్లను పట్నాల్లో పట్టుకుని పొలాలకు పంపాలని.

మూడు నెలలు తిరక్కుండానే, 1802 ఫిబ్రవరిలో, నెపోలియన్ బావమరిది లెక్లెర్ భారీ సైన్యంతో దిగాడు. టూసాన్‌కు జనం అవసరమైన క్షణం అదే. తాను ఎవరికోసమని చెబుతూ వచ్చాడో ఆ కూలీల్లో చాలామంది ఆయన కోసం వెంటనే కదల్లేదు. మొయీజ్ శవం ఇంకా పచ్చిగానే ఉంది వాళ్ల మనసుల్లో. జూన్‌లో టూసాన్‌ను మోసంతో బంధించి ఫ్రాన్సు పంపారు. 1803 ఏప్రిల్ 7న జూరా పర్వతాల్లోని జూ కోటలో, చలిలో, ఒంటరిగా చనిపోయాడు. ఆయన తప్పులన్నీ చెప్పాక కూడా ఆ చావు తలుచుకుంటే కోపం ఆగదు.

ఆ 1802 వేసవిలో జరిగిన ఒక విషయాన్ని పాఠ్యపుస్తకాలు దాటేస్తాయి. క్రిస్టోఫ్, డెసలీన్ అప్పుడు ఫ్రెంచివాళ్లకు లొంగి వాళ్ల తరఫునే పనిచేస్తున్నారు. లొంగనివాళ్లు కొండల్లోని చిన్న దండులు. ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టినవాళ్లు, చదువురానివాళ్లు, సేనాధిపతులు చిన్నచూపు చూసినవాళ్లు. అందులో ఒక నాయకుడు జాన్ బతీస్త్ సాన్ సూసీ, బహుశా కాంగో ప్రాంతంలో పుట్టినవాడు. నెలల తరబడి ఫ్రెంచి సైన్యాన్ని అతలాకుతలం చేశాడు. ఆయన్ను వేటాడినవాళ్లలో క్రిస్టోఫ్ ఒకడు. అక్టోబర్‌లో సేనాధిపతులు మళ్లీ పక్షం మార్చి తిరుగుబాటులో చేరాక, కొండల దండులన్నీ తమ కిందికి రావాలన్నారు. సాన్ సూసీ చివరికి డెసలీన్‌ను నాయకుడిగా ఒప్పుకున్నాడు. నిన్నటిదాకా తనను తరిమిన క్రిస్టోఫ్ కింద మాత్రం ఉండనన్నాడు. క్రిస్టోఫ్ మాట్లాడుకుందాం రమ్మని గ్రాండ్ ప్రే తోటకు పిలిపించి చంపించాడు. 1803 నవంబర్ 18న వెర్తియేర్ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడింది. స్వాతంత్ర్య పత్రం మీద సంతకాలు చేసింది సేనాధిపతులు. కొండల్లో ఎవరూ లేనప్పుడు పోరు నిలబెట్టినవాళ్ల పేర్లు దాంట్లో లేవు.

దేశాధినేత అయిన డెసలీన్ వీపుమీద కొరడా మచ్చలు చనిపోయేదాకా ఉన్నాయి. ఆయన 1804లోనే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు, మిగిలిన ఫ్రెంచివాళ్లను ఊచకోత కోయించాడు, తోట పద్ధతిని యథాతథంగా ఉంచాడు. పెద్దలు చేజిక్కించుకున్న భూముల పత్రాలను తనిఖీ చేయించబోయేసరికి వాళ్లే కుట్ర పన్ని 1806 అక్టోబర్ 17న పోర్టో ప్రిన్స్ పొలిమేరలో చంపేశారు. దేశం రెండయింది. ఉత్తరాన క్రిస్టోఫ్, దక్షిణాన పెతియోన్.

క్రిస్టోఫ్ 1811లో హెన్రీ రాజు అయ్యాడు. డ్యూకులు, కౌంట్లు, బారన్లు ఒక్కసారిగా పుట్టుకొచ్చారు. మార్మెలాద్ డ్యూకు, లిమొనాద్ కౌంటు. యూరప్‌వాళ్లు ఈ పేర్లు చూసి వెక్కిరించారు, అవి హైతీలో నిజమైన ఊళ్ల పేర్లని తెలియక. బిరుదులకన్నా వాటివెంట వచ్చిన తోటలు ముఖ్యం. 1812 నాటి హెన్రీ స్మృతి పనివేళలు నిర్ణయించింది. తెల్లవారుతూనే గంట, ఎనిమిదింటి దాకా పని, ఫలహారం, మళ్లీ మధ్యాహ్నం దాకా, రెండింటి నుంచి చీకటి పడేదాకా. నాలుగో పాలు కూలీకి. వైద్యం యజమాని బాధ్యత అని కూడా రాశారు. రాజు బడులు పెట్టించాడు, ఇంగ్లండ్ నుంచి ఉపాధ్యాయులను రప్పించాడు, బానిసత్వాన్ని వ్యతిరేకించే విల్బర్‌ఫోర్స్, క్లార్క్‌సన్‌లతో ఉత్తరాలు నడిపాడు. ఖజానా నింపాడు. తన జాతి ఎవరికీ తీసిపోదని లోకానికి చూపించాలన్న తపన ఆయనది. ఆ తపనను నేను గౌరవిస్తాను. దాని బరువు ఎవరి భుజాలమీద పడిందో మాత్రం చూడకుండా ఉండలేను.

మీలో అనే ఊరి పైన, సుమారు 900 మీటర్ల ఎత్తున, కొండకొమ్ము మీద ఆయన కట్టించిన లఫెరియేర్ దుర్గం ఉంది. ఈనాటికీ నిలిచి ఉంది, 1982లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గోడలు కొన్నిచోట్ల 40 మీటర్ల ఎత్తు. రాయి, సున్నం, వందల ఫిరంగులు, వేల గుండ్లు అన్నీ మనుషులే ఆ నిట్టనిలువు దారిలో మోసుకెళ్లారు. ఒక్కో పెద్ద ఫిరంగి టన్నుల బరువు. దాదాపు 15 ఏళ్లపాటు వేలాది మందిని పల్లెల నుంచి వెట్టికి పట్టుకొచ్చారు. ఎంతమంది చనిపోయారో లెక్క రాసినవాళ్లు లేరు. ఫ్రెంచివాళ్లు మళ్లీ వస్తే ఇక్కణ్నించి కాచుకోవాలన్నది ఉద్దేశం. భయం వట్టిది కాదు. 1814లో ఫ్రాన్సు పంపిన దూతల్లో ఒకణ్ని క్రిస్టోఫ్ మనుషులు పట్టుకుంటే, బానిసత్వాన్ని తిరిగి తేవాలన్న రహస్య ఆదేశాలు అతని కాగితాల్లో దొరికాయి. కానీ ఆ దుర్గపు ఫిరంగులు ఫ్రెంచి సైన్యం మీద ఒక్కసారి కూడా పేల్చాల్సిన అవసరం రాలేదు.

ఆ కొండ కిందే రాజభవనం కట్టించుకున్నాడు. దాని పేరు సాన్ సూసీ. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పోట్స్‌డామ్‌లో కట్టించిన భవనం పేరే పెట్టాడని యూరప్ యాత్రికులు రాసుకున్నారు. హైతీ చరిత్రకారుడు మిషెల్ రోల్ఫ్ త్రూయో ఇంకో సంగతి గుర్తుచేశాడు. కాంగో సేనాని సాన్ సూసీని క్రిస్టోఫ్ చంపించిన తోట ఆ భవనం పక్కనే. తాను చంపించినవాడి పేరును తన గోడల్లో కలిపేసుకుంటే శత్రువు పేరు వినపడినా భవనమే గుర్తొస్తుంది. నిజంగా అలాగే జరిగింది. ఇప్పుడు సాన్ సూసీ అంటే పర్యాటకులు ఫొటోలు తీసుకునే శిథిలాలు.

1820 ఆగస్టులో లిమొనాద్ చర్చిలో ప్రార్థన మధ్య క్రిస్టోఫ్‌కు పక్షవాతం వచ్చింది. రాజు మంచాన పడ్డాడని తెలియగానే సైన్యం ఎదురు తిరిగింది. అక్టోబర్ 8న ఆయన తుపాకీతో కాల్చుకున్నాడు. దుర్గంలోనే పాతిపెట్టారు. వెట్టి చేసినవాళ్లూ వాళ్ల పిల్లలూ ఆ వార్త విని ఎలా అనుభూతి చెందారో ఊహించడం కష్టం కాదు.

వేరే దారి ఆ కాలంలో సాధ్యమేనా అని అడిగేవాళ్లకు దక్షిణం సమాధానం. పెతియోన్ 1809 నుంచి భూములు పంచాడు. మామూలు సైనికుడికి 5 కారోలు, మన లెక్కలో 16 ఎకరాలు. సేనాధిపతులకు తోటలకు తోటలే ఇచ్చాడు, తానూ జీవితాంతం అధ్యక్షుడినని రాయించుకున్నాడు, కాబట్టి ఆయన్ను మహాత్ముణ్ని చేయక్కర్లేదు. చక్కెర పడిపోయింది, ఖజానా వట్టిపోయింది. అయినా ఆ చిన్న గణతంత్రం కూలిపోలేదు. దక్షిణ అమెరికాలో ఓడి, దిక్కు లేక వచ్చిన బొలీవర్‌కు ఆయుధాలూ మనుషులనూ ఇచ్చి, నువ్వు విడిపించే నేలమీద బానిసలను కూడా విడిపించు అని మాట తీసుకుంది పెతియోనే. భూమి పంచిన రాజ్యం బతికింది. తోటలను కాచిన రాజ్యం రాజుతోపాటే పోయింది.

అయినా పాఠం ఎవరూ నేర్చుకోలేదు. పెతియోన్ తర్వాత వచ్చిన బ్వాయే 1820లో ఉత్తరాన్ని కలిపేసుకున్నాడు. 1825లో ఫ్రాన్సు రాజు పదవ షార్ల్ యుద్ధనౌకల దండుతో ఒక ఉత్తర్వు పంపాడు. స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం, పాత యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు అయిదు వాయిదాల్లో కట్టండి. బానిసలుగా ఉన్నవాళ్లు తమ శరీరాలకు తామే వెల కట్టుకోవాలన్నమాట. రేవులో ఫిరంగులు గురిపెట్టి ఉండగా బ్వాయే ఒప్పుకున్నాడు. మొదటి వాయిదా కట్టడానికే పారిస్‌లో 3 కోట్ల ఫ్రాంకులు అప్పు చేయాల్సి వచ్చింది. బ్యాంకర్లు 60 లక్షలు ముందే కోసుకుని 2 కోట్ల 40 లక్షలు చేతిలో పెట్టారు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, ఈ పరిహారం, దాని చుట్టూ అల్లుకున్న అప్పులు ఇరవయ్యో శతాబ్దం దాకా హైతీని పీల్చాయి. హైతీ పేదరికం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ లెక్క చెప్పాలి.

ఆ డబ్బు ఎవరు పండించాలి? 1826 మేలో బ్వాయే గ్రామీణ స్మృతి తెచ్చాడు. ప్రభుత్వ ఉద్యోగి, సైనికుడు, అనుమతి ఉన్న చేతిపనివాడు కానివాడెవడైనా పొలం పని చేయాలి. అనుమతి లేకుండా పల్లె విడిచి పట్నం పోకూడదు. కూలీ బిడ్డ కూలీయే. పల్లెలో దుకాణం పెట్టుకోకూడదు. కూలీలు నలుగురూ కలిసి ఒక తోట కౌలుకు తీసుకుని తామే నడుపుకుంటామంటే కుదరదు. ఏళ్ల తరబడి కట్టుబడే ఒప్పందం రాసుకోవాలి, యజమాని పట్ల అణకువగా, గౌరవంగా మెలగాలి. పని లేకుండా తిరిగేవాణ్ని పట్టుకుని రోడ్ల పనికి పంపుతారు. పల్లె పోలీసు, దండు కాపలా. టూసాన్ ఉత్తర్వులోని ఒక్కో మాటా పాతికేళ్ల తర్వాత ఇంకా గట్టిపడి చట్టమైంది. రాసినవాళ్లలో చాలామంది పట్నాల్లో పెరిగిన, కాస్త తెల్లని మేనిఛాయ ఉన్న, చదువుకున్న కుటుంబాలవాళ్లు. కట్టుబడాల్సింది నల్ల రైతులు.

చట్టం కాగితం మీదే ఎక్కువగా మిగిలింది. జనం కొండలెక్కేశారు. అక్కడ లాకూ అనే పద్ధతి కుదురుకుంది, మన ఉమ్మడి లోగిలిలాగా ఒకే వాకిలి చుట్టూ అన్నదమ్ముల ఇళ్లు, మధ్యలో పెద్దల సమాధులు, చుట్టూ అరటి, కంద, కాఫీ మొక్కలు. పొరుగువాళ్లంతా వంతులవారీగా ఒకరి పొలంలో ఒకరు పనిచేసుకునేవారు. తోటకు మాత్రం పోయేవారు కాదు. 1820ల నాటికి హైతీ చక్కెర ఎగుమతి దాదాపు ఆగిపోయింది. కాఫీ మాత్రం ఈ చిన్న రైతుల చేతులమీద నిలబడింది. తోటలు లేకపోతే ఎగుమతే ఉండదన్న టూసాన్ భయానికి ఆ కాఫీ గింజలే జవాబు. ప్రభుత్వం తిరిగి వాళ్లనే కొట్టింది, కాఫీ మీద సుంకాలేసి. నేల మీద ఓడిన యజమాన్యం రేవులో గెలిచింది.

ఇక్కడ చిన్న పక్కదారి. చెరకు తోటకు కట్టుబడిన చేతులు కావాలన్న ఆకలి హైతీతోనే ఆగలేదు. బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక మారిషస్‌లో విడుదలైనవాళ్లు తోటలు వదిలిపోయారు. వాళ్ల చోట నిలబెట్టడానికి ఏజెంట్లు ఒప్పంద కూలీల కోసం వెదికిన రేవుల్లో మన కోరంగి ఒకటి. గోదావరి, విశాఖ తీరాల నుంచి ఓడెక్కిన ఆ తెలుగువాళ్ల సంతతివాళ్లు ఈనాటికీ మారిషస్‌లో ఉగాది చేసుకుంటున్నారు. ఆ కథకు ఈ ధారావాహికలో ఒక భాగం తప్పకుండా కేటాయిస్తాను.

1843లో బ్వాయేను గద్దె దింపారు. దింపినవాళ్లూ పట్నం పెద్దలే. స్వేచ్ఛ, సంస్కరణ అన్నారు, భూమి మాట ఎత్తలేదు. 1844లో దక్షిణాన లే కాయ్ పరిసరాల్లో రైతులు లేచారు. తుపాకులు లేవు, కర్రలు చెక్కి మొన చేసుకున్నారు. అందుకే వాళ్లకు బల్లెంవాళ్లన్న అర్థంలో పికే అని పేరు. నాయకుడు జాన్ జాక్ అకావు, ఒకప్పుడు పల్లె పోలీసు అధికారి. గ్రామీణ స్మృతిని అమలు చేసిన ఉద్యోగం చేసినవాడే దానికి ఎదురు తిరిగాడు. తన దండుకు బాధితుల సైన్యమని పేరు పెట్టాడు, గడ్డి టోపీతో, చెప్పుల్లేకుండా ముందు నడిచాడు. కాఫీకి సరైన ధర కావాలి, పట్నం దుకాణాల్లో సరుకుల ధరలు దిగాలి, భూమి కావాలి. లే కాయ్ పట్నాన్ని పట్టుకున్నారు. రాజధానిలో పెద్దలు ఆలోచించి, జనాన్ని చల్లబరచడానికి ఒక ముసలి నల్ల సేనాధిపతి గెరియేను అధ్యక్షుణ్ని చేశారు. రంగు మారింది, సుంకాలు మారలేదు. 1846లో అకావు చనిపోయాడు.

గ్రామీణ స్మృతులు మాత్రం ఒకటి పోతే ఒకటిగా బతికాయి. 1864 నాటి చట్టంలో రైతులు ఏడాదికి కొన్ని రోజులు తమ ప్రాంతపు రోడ్లు బాగుచేయాలన్న నిబంధన ఉంది. చాలాకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1915లో అమెరికా సైన్యం హైతీని ఆక్రమించింది. పోర్టో ప్రిన్స్ నుంచి కాప్ హైతియన్ దాకా రోడ్డు వేయాలి, డబ్బు పెట్టడం ఇష్టం లేదు. అధికారులు పాత చట్టాలు తిరగేసి ఆ నిబంధన బయటికి తీశారు. 1916 నుంచి రెండేళ్లపాటు రైతులను ఇళ్లలోంచి లాక్కెళ్లారు, సొంత ప్రాంతం దాటించి వారాల తరబడి పని చేయించారు, చాలాచోట్ల తాళ్లతో కట్టి నడిపించారు, పారిపోబోయినవాళ్లను కాల్చారు. ఎవరైనా అడిగితే, ఇది మీ దేశపు చట్టమే అన్నారు. నిజమే. విప్లవ వారసులు తమ రైతుల కోసం రాసుకున్న చట్టమే అది.

1918 అక్టోబర్‌లో వెట్టిని ఆపేశామని ప్రకటించారు. హించ్ ప్రాంతంలో ఆ తర్వాత కూడా సాగింది. ఆ ప్రాంతంవాడే షార్లెమాన్ పెరాల్ట్. కాప్ హైతియన్ వీధుల్లో కఠిన శిక్ష అనుభవిస్తూ తప్పించుకుని కొండలు చేరాడు. వెట్టినుంచి పారిపోయిన రైతులు వేల సంఖ్యలో ఆయన వెంట నడిచారు. వచ్చే భాగం ఆయనది.